తెర మీద రైఫిల్ గురి గీసేటప్పుడు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి సందీప్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. విజయవాడలో నువ్వూ నీ మిత్రులూ కలిసి తయారుచేస్తున్న కోహిమా యుద్ధపు కంప్యూటర్ ఆటను శ్రద్ధగా ఆడి చూశాను. రైఫిల్ ఐరన్ సైట్లను, అంటే గురి చూడడానికి తుపాకి మీద ఉండే ఇనుప గుర్తులను, వాస్తవానికి దగ్గరగా ఉంచాలా, ఆడేవారికి సులువుగా ఉంచాలా అని అడిగావు. సైన్యంలో కొత్తవారికి గురి నేర్పినవాడిగా నాకు తోచింది చెబుతాను. మీరు తుపాకి ఇనుమును చక్కగా కొలిచి గీశారు గాని, దాని వెనుక ఉన్న కన్ను ఎలా చూస్తుందో గీయలేదు. ఆ పని చేస్తే, నువ్వు అడిగిన రెండింటి మధ్య పేచీ చాలావరకు తీరిపోతుంది.

ముందు ఆయుధం సంగతి. 1944లో, నేటి నాగాలాండ్‌లోని కోహిమాలో జపాన్ సేనతో పోరాడిన భారతీయ సిపాయి చేతికి మీరు లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్ ఇచ్చారు. అప్పట్లో మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది నంబర్ 1 మార్క్ 3 రకం. బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారైనదీ అదే. ఈ తేడా పైపైది కాదు. నంబర్ 4కు బ్యాక్‌సైట్ (వెనుక గుర్తు) కంటికి దగ్గరగా, చిన్న రంధ్రంగా ఉంటుంది. ఆ రంధ్రంలోంచి చూసేవాడు దానిని పట్టించుకోనక్కరలేదు. కన్ను తనంతట తానే ఫోర్‌సైట్‌ను (గొట్టం కొన దగ్గరి ముందు గుర్తును) నడిమికి తెచ్చుకుంటుంది. నంబర్ 1కు బ్యాక్‌సైట్ గొట్టం మీద, కంటికి దూరంగా, తెరిచిన గాడిగా ఉంటుంది. అక్కడ గాడి అంచులనూ ఫోర్‌సైట్ కొననూ ఒకే మట్టానికి తెచ్చి, రెండు పక్కలా సమానంగా వెలుతురు వదిలి, అప్పుడు శత్రువు మీద నిలపాలి. కాబట్టి నంబర్ 1 చేతపట్టినవాడికి గురి కుదరడానికి కొంచెం ఎక్కువ సమయం పట్టేలా ఆట ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది దృష్టి నిలిపే చోటు. మనిషి కన్ను ఒకేసారి బ్యాక్‌సైట్‌నూ ఫోర్‌సైట్‌నూ మూడు వందల మీటర్ల అవతల ఉన్న మనిషినీ స్పష్టంగా చూడలేదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు బెజ్జం తేటగా కనిపించి వెనకనున్న గోడ అలికినట్లు అయిపోవడం నువ్వు చూసే ఉంటావు. మేము నేర్పేది కూడా అదే: చూపు ఫోర్‌సైట్ కొన మీద ఉంచు, శత్రువు కొంచెం మసకగా ఉన్నా పరవాలేదు. మీ ఆటలో మూడూ ఒకే తేటదనంతో ఉన్నాయి, అందుకే అది చదునైన బొమ్మలా కనిపిస్తోంది. బ్యాక్‌సైట్‌ను బాగా మసక చెయ్యండి, ఫోర్‌సైట్‌ను పదునుగా ఉంచండి, దూరపు మనిషిని మాత్రం చాలా తక్కువగా మసక చెయ్యండి. ఇక్కడ ఆడేవాడి కళ్ల మీద దయ అవసరం. కంప్యూటర్ తెర మీద ఆ మనిషి ఎలాగూ కొద్ది చుక్కల (పిక్సెళ్ల) ఎత్తే ఉంటాడు.

ఆ లెక్క చెబుతాను. తెర వెడల్పు 60 సెంటీమీటర్లు, దాని ముందు కూర్చున్న దూరం 60 సెంటీమీటర్లు అనుకుంటే, ఆ తెర అతని కంటికి సుమారు 53 డిగ్రీల మేర కనిపిస్తుంది. మీ ఆట అందులోకి 90 డిగ్రీల దృశ్యాన్ని కుదించి చూపిస్తోంది. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద, 300 మీటర్ల దూరంలో నిలబడిన 1.7 మీటర్ల మనిషి అప్పుడు 5 పిక్సెళ్ల ఎత్తే ఉంటాడు. గురి చూసే క్షణంలో దృశ్యాన్ని 53 డిగ్రీలకు తెస్తే 11 పిక్సెళ్లు అవుతాడు. గురి చూసినప్పుడు దృశ్యం దగ్గరకు రావడం వాస్తవ విరుద్ధమని నీ మిత్రుడొకడు వాదిస్తున్నాడని రాశావు. ఈ మేరకు తేవడం వాస్తవానికి చేరువ కావడమే, మోసం కాదని అతనికి చెప్పు. అంతకు మించి తెస్తే మాత్రం అది టెలిస్కోప్ అవుతుంది.

మరొక సంగతి, రైఫిల్ శరీరం తెర కింది సగాన్ని మూసేయడం. రెండు కళ్లూ తెరిచి గురి చూసే సిపాయికి, తుపాకి అడ్డున్న చోటు రెండో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. ఆటలో దృశ్యం చూపే కెమెరాకు ఒకటే కన్ను. అందుచేత సైట్ల కిందున్న ఇనుమునూ కర్రనూ కొంచెం పారదర్శకంగా చేయడంలో తప్పు లేదు.

చేతి వణుకు విషయంలో మీరు తుపాకినీ గురినీ కలిపి ఒకే ముక్కగా ఊపుతున్నారు. నిజంగా దెబ్బ తీసేది సైట్లు ఒకదానితో ఒకటి కుదరకపోవడం. రెండు సైట్ల మధ్య దూరం అర మీటరు ఉన్న రైఫిల్‌లో ఫోర్‌సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 300 మీటర్ల దగ్గర తూటా 60 సెంటీమీటర్లు తప్పుతుంది. అదే రైఫిల్ మొత్తం సమాంతరంగా మిల్లీమీటరు జరిగితే తేడా కూడా మిల్లీమీటరే. పరుగెత్తి ఆగిన వెంటనే ఫోర్‌సైట్ గాడిలో అటూ ఇటూ కదలాలి; పడుకుని ఊపిరి బిగబట్టినప్పుడు స్థిరపడాలి. ఆడేవాడికి తన తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి గుండు ఎటు పోయిందోనని విసుగు చెందడు.

దూరాన్ని బట్టి బ్యాక్‌సైట్ మార్చే మీటను ఉంచండి గాని దానిని బలవంతపెట్టవద్దు. కోహిమాలో డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ ఇరుపక్షాలూ తలపడ్డాయి; అంత దగ్గరలో అది ఎవరికి కావాలి?

చివరగా, అడవి నీడలో నల్లటి ఫోర్‌సైట్ కనిపించకుండా పోతోంది. మెరుపు తగ్గించడానికి సైట్లకు దీపపు మసి పట్టించడం నిజంగా ఉన్న అలవాటే, కనుక రంగు నలుపుగానే ఉండనివ్వండి. చీకటి వెనకతలం ఉన్నప్పుడు మాత్రం కొన అంచున పలచని బూడిదరంగు గీత చేర్చండి. ఈ మార్పులన్నీ చేశాక, ఎప్పుడూ తుపాకి పట్టని ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టి, గురి తప్పిన ప్రతిసారీ ఎందుకు తప్పిందని అడగండి. సైట్ కుదరలేదనో, తొందరపడ్డాననో చెబితే సరే. ఏమీ కనిపించలేదని చెబితే, ఫోర్‌సైట్ మందం, మసక ఈ రెండింటినీ మళ్లీ సరిచేసి నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న