న్యాయ సలహా: బీరువాలో పెట్టిన ఫోను

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా పుత్తూరు. 14 ఏళ్ల మా అమ్మాయి తిరుపతిలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఫోన్‌లో ఆడే ఒక ఆటలో పరిచయమైన వ్యక్తి, తాను ఇంటర్ చదువుతున్నానని చెప్పి ఇన్‌స్టాగ్రామ్‌లో మాటలు కలిపాడు. నిరుడు చేసిన ఓణీల ఫంక్షన్ ఫోటోలోంచి అమ్మాయి ముఖం తీసి, నగ్నచిత్రానికి అతికించి పంపి, వీడియో కాల్‌లోకి రాకపోతే మా బంధువులందరికీ పంపుతానని బెదిరిస్తున్నాడు. మూడు రోజులు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయిన పిల్ల నాలుగో రోజు రాత్రి నాతో చెప్పి ఏడ్చింది. మా వారు ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. అందులోవన్నీ చెరిపించి అమ్మేద్దామంటున్నారు. హాస్టల్ వార్డెన్ ‘గొడవ చేసుకోకండమ్మా, పిల్ల పేరు పోతుంది’ అన్నారు. స్టేషన్‌కు వెళితే తిరుపతికో, అతని ఊరికో పొమ్మంటారని బంధువులు చెబుతున్నారు. మేమేం చేయాలి? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ ఫోనులో ఉన్నది నేరానికి సాక్ష్యమని, దాన్ని చెరిపించడం వల్ల మేలు జరిగేది బెదిరించినవాడికేనని ముందుగా మీ వారికి చెప్పండి. ఫోను బయటికి తీసి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అతను పంపిన ప్రతి సందేశాన్నీ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ఖాతాలో కనిపించే పేరును అతను నిమిషంలో మార్చుకోగలడు కాబట్టి, ఆ ప్రొఫైల్ లింకును, ఆటలో అతను వాడిన ఐడీని కూడా విడిగా రాసిపెట్టండి. మార్చిన ఆ ఫోటోను మాత్రం సలహా కోసమైనా ఎవరికీ పంపవద్దు. పిల్లల అశ్లీల చిత్రాన్ని పంపడమే సమాచార సాంకేతిక చట్టం 67బి సెక్షన్ కింద నేరం కనుక, పోలీసులకు దాన్ని ఫోనులోనే చూపించండి. అతనికి జవాబు ఇవ్వవద్దు, డబ్బు అడిగితే పంపవద్దు. ఇవన్నీ భద్రపరిచిన తర్వాతే ఖాతాపై ఫిర్యాదు చేసి బ్లాక్ చేయండి.

ఫోటో నిజమైనది కాదు కదా, కేసు నిలుస్తుందా అని చాలామంది అడుగుతారు. 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షన్ ఈ సందేహానికి తావివ్వలేదు. లైంగిక ఉద్దేశంతో బిడ్డ శరీరానికి సంబంధించిన చిత్రాన్ని, అది నిజమైనదైనా కల్పించినదైనా, బయటపెడతానని బెదిరించడమే లైంగిక వేధింపు అని, దానికి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయని ఆ చట్టం చెబుతోంది. 67బి కింద మొదటిసారి నేరానికే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. వార్డెన్ గారికి కూడా ఒక విషయం తెలియాలి. ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన వ్యక్తి పోలీసులకు తెలియజేయడం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం విధి. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడే అవకాశం ఉంది. పేరు పోతుందన్న మాట పిల్ల మేలు కోరి అన్నదే కావచ్చు గాని, బెదిరించేవాడు నమ్ముకున్నది కూడా సరిగ్గా ఆ భయాన్నే.

మీరు పుత్తూరు స్టేషన్‌కే వెళ్లండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ పరిధిలో జరిగినా సమాచారాన్ని నమోదు చేసుకోవలసిందే. అమ్మాయిని స్టేషన్ మెట్లు ఎక్కించవలసిన పని కూడా లేదు; ఆమె వాంగ్మూలాన్ని మీ ఇంట్లో గాని, ఆమె కోరిన చోట గాని, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలని పోక్సో 24వ సెక్షన్ చెబుతోంది. ఆమె పేరు గాని, ఊరు గాని, చదివే చోటు గాని పత్రికల్లో, టీవీల్లో రావడాన్ని 23వ సెక్షన్ నిషేధిస్తోంది. పోలీసులు 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. మీ ఆదాయం ఎంతైనా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా అమ్మాయికి ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 1098 పిల్లల సహాయ నంబరు.

ఇక ఆ చిత్రం బయటికి వస్తుందేమోనన్న భయం సంగతి. అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ సంస్థ ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవను నడుపుతోంది. అక్కడ ఫోటోను అప్పగించనక్కరలేదు; మీ ఫోనులోనే ఆ చిత్రానికి వేలిముద్రలాంటి ఒక సంకేతం తయారై, ఆ సంకేతం మాత్రమే వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ సహా ఇందులో చేరిన వేదికలు ఆ సంకేతంతో పోల్చి, అదే చిత్రాన్ని ఎవరైనా పెడితే గుర్తించి తొలగించగలుగుతాయి. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేదాన్ని ఇది ఆపలేదు కాబట్టి, పోలీసు ఫిర్యాదును వాయిదా వేయకండి.

చట్టం సంగతి కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ బీరువా తాళం. ఇలాంటి కేసుల్లో నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలావరకు బెదిరించినవాడి గురించి కన్నా ముందు, ‘ఇంట్లో తెలిస్తే ఫోను లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు’ అనే చెబుతారు. ఆ భయం వల్లే వారాల తరబడి ఒంటరిగా నలిగిపోతారు. మీ అమ్మాయి నాలుగో రోజుకే మీ దగ్గరికి రాగలిగిందంటే మీ మీద ఆమెకు ఎంత నమ్మకముందో ఆలోచించండి. చెప్పినందుకు శిక్ష పడితే మళ్లీ చెప్పదు. ఆ ఫోటో అతనికి ఎలా చిక్కిందో కూడా చూడండి. ఫంక్షన్ ఆల్బమంతా మేనమామో, పిన్నమ్మో సంతోషం కొద్దీ అందరికీ కనిపించేలా పెట్టి ఉంటే, ఎవరినీ నిందించకుండా తీయించండి.

ప్రశ్న: నేను చిత్తూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుణ్ని. బహుమతులు గెలిచిన పిల్లల ఫోటోలను పేరు, తరగతి, ఊరు రాసి పాఠశాల ఫేస్‌బుక్ పేజీలో పెడుతున్నాం. ఎనిమిదో తరగతి అమ్మాయి తన ఫోటో వద్దని అడిగితే, తల్లి ఒప్పుకున్నాక పిల్లకేం అభ్యంతరమని తోటి ఉపాధ్యాయులు అంటున్నారు. ఎవరిది సరైన మాట?

జవాబు: ఆ అమ్మాయిదే. 1992లో భారతదేశం అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కును 12వ అధికరణంలోనూ, వ్యక్తిగత గోప్యతను 16వ అధికరణంలోనూ పిల్లలకు ఇచ్చింది. తల్లిదండ్రులు ఆన్‌లైన్‌లో ఫోటోలు పంచుకోవడం వల్ల కూడా పిల్లల గోప్యతకు ముప్పు రావచ్చని, ఆ ఒడంబడిక కమిటీ 2021లో ఇచ్చిన 25వ సాధారణ వ్యాఖ్య ప్రత్యేకంగా పేర్కొంది. కాబట్టి తల్లి అంగీకారం అవసరమే అయినా, అది పిల్ల అభ్యంతరాన్ని రద్దు చేయదు.

ముఖం, పేరు, ఊరు ఒకేచోట దొరికితే, ‘నువ్వు వ్యాసరచనలో గెలిచావట కదా’ అని అపరిచితుడు తెలిసినవాడిలా పలకరించగలడు. పై ఉత్తరంలోని వ్యక్తి మొదలుపెట్టింది కూడా అలాంటి స్నేహపు మాటలతోనే. బహుమతి సంబరాన్ని మానుకోనవసరం లేదు. పేర్లు లేకుండా బృందం ఫోటో పెట్టండి, విడి ఫోటోలను తల్లిదండ్రులకు నేరుగా ఇవ్వండి. ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి ఫోటోను మాత్రం ఈ రోజే తీసేసి, తీసేశామని ఆమెకు మీరే స్వయంగా చెప్పండి.