బాలల సందేహాలు: ఆ కిరణాలు ఏడాదికి రెండుసార్లే ఎందుకు?

ప్రశ్న: అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి పాదాలను సూర్యకిరణాలు మార్చిలోనూ అక్టోబరులోనూ మాత్రమే ఎందుకు తాకుతాయి? (ఆరో తరగతి విద్యార్థిని, ఆమదాలవలస)

జవాబు: చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా! భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండడం వల్ల సూర్యుడు ఆరు నెలలు ఉత్తరంగా, ఆరు నెలలు దక్షిణంగా జరుగుతూ, దారిలోని ప్రతి చోటునూ వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి దాటుతాడు. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20కి సుమారు పది రోజుల ముందు, సెప్టెంబరు 23కి సుమారు పది రోజుల తర్వాత ఆయన ఉదయించే చోటు ఒకటే, అది తూర్పుకు కాస్త దక్షిణంగా ఉంటుంది. ఆ రోజుల్లో మబ్బు పట్టకపోతే లేత ఎండ మండపం దాటి గర్భాలయంలోకి సూటిగా వెళ్తుంది. మీ ఇంట్లో తూర్పు కిటికీలోంచి గోడమీద పడే ఎండ అంచును సుద్దముక్కతో గీసి, వారం తర్వాత అదే వేళకు చూడు. ఎండ ఆ గీతను విడిచి జరిగి ఉంటుంది.