లండన్ అద్దె సైకిళ్లకు బోరిస్ పేరు ఎలా వచ్చింది?

రిబ్బను కత్తిరించే వేళకు మేయర్ కుర్చీలో ఉన్నది బోరిస్ జాన్సన్ కాబట్టి. ఆలోచన ఆయనది కాదు. 2007లో పారిస్‌లో ఇలాంటి పథకం మొదలయ్యాక, అప్పటి లండన్ మేయర్ కెన్ లివింగ్‌స్టన్ తామూ తెస్తామన్నారు. 2008 ఎన్నికల్లో ఓడిపోయారు. సైకిళ్లు రోడ్డెక్కింది 2010 జూలై 30న. కోట్లు పోసి పేరు రాయించుకున్న బార్‌క్లేస్ బ్యాంకుకూ ఆ పేరు దక్కలేదు, పాపం! జాన్సన్ స్వయంగా సైకిల్ తొక్కే మనిషి కావడంతో 'బోరిస్ బైకులు' అన్న మాట జనం నోట ఇట్టే అతుక్కుంది.

కర్నూలు వాళ్లకు ఇది వింతేమీ కాదు. మన ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2019 జనవరిలో చంద్రబాబు ప్రారంభించారు, 2021 మార్చిలో జగన్ మళ్లీ ప్రారంభించారు. ప్రయాణికుల విమానాలు ఎగిరింది మాత్రం ఆ రెండో ప్రారంభం తరువాతే.