గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవండి

కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశాక కంప్యూటర్ ఆగిపోతోందన్న ఫిర్యాదు ఎండలు ముదిరితే చాలు, వరుస కడుతుంది. కోదాడ నుంచీ వస్తుంది, నాగర్‌కర్నూల్ నుంచీ వస్తుంది. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈసారి కరెంటు సంగతే, అంటే కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె సంగతే తీసుకున్నాను.

ప్రశ్న: నకిరేకల్‌లో మాకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ కోసం 170 వాట్ల గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాను. డబ్బా మీద 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కావాలని ఉంది. నా దగ్గరున్నది 450 వాట్లది. ‘ఏమీ కాదన్నా, నడుస్తుంది’ అని షాపులో చెప్పారు. ఫొటోల పని వరకు బాగానే ఉంది. వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టిన రెండు మూడు నిమిషాలకే కంప్యూటర్ టప్పున ఆగిపోతోంది. కార్డులో లోపమా?

జవాబు: కార్డును అనుమానించకండి. మీరు పంపిన ఫొటోలోనే జవాబుంది. ఎస్‌ఎంపీఎస్ పక్కనున్న స్టిక్కర్‌పై 450 అన్న అంకె పెద్దగా కనిపిస్తోంది. దాని కింద చిన్న అక్షరాల పట్టికలో ప్లస్ 12 వోల్టుల గడి చూడండి. అందులో 16 యాంపియర్లు అని ఉంది. 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. మీ ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు పనికొచ్చే కరెంటు అంతే. మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల లైన్లకు రాసుకున్నవి. పాతకాలం కంప్యూటర్లు ఆ లైన్ల మీద ఎక్కువగా ఆధారపడేవి. ఇప్పుడు బరువంతా 12 వోల్టుల లైనుదే.

ఇప్పుడు ఖర్చు లెక్క వేయండి. కార్డుకు 170. మీ ప్రాసెసర్ డబ్బా మీద 65 వాట్లని ఉన్నా, ఎక్స్‌పోర్ట్ సమయంలో అన్ని కోర్లూ ఒక్కసారిగా పనిచేస్తే 100 దాటుతుంది. బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు మరో 50 వేసుకోండి. మొత్తం 320 పైమాటే. ఫొటోషాప్‌లో ఆల్బమ్ పేజీ దిద్దుతున్నంతసేపూ కార్డు దాదాపు ఖాళీగా ఉంటుంది కాబట్టి బండి నడిచింది. అసలు పని మొదలవగానే నిలిచిపోయింది. పైగా గ్రాఫిక్స్ కార్డు కరెంటును ఒకే తీరుగా తీసుకోదు. సెకనులో వెయ్యో వంతు కాలంపాటు తన సగటును మించి ఎగబాకుతుంది. ఇలా ఎగబాకడం వల్లనే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణంలో, 450 వాట్లు దాటిన కొత్త తరం ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లపాటు తట్టుకోవాలన్న నిబంధన చేర్చారు.

అలాగని డబ్బా మీది 550ని కూడా వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు. మీ ఇంట్లో ఎలాంటి ఎస్‌ఎంపీఎస్ ఉందో కార్డు తయారీదారుకు తెలియదు కాబట్టి చాలా మిగులు పెట్టి చెబుతాడు. 12 వోల్టుల గడిలో 37 యాంపియర్లు ఉన్న నిఖార్సైన 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఈ కార్డును మోయగలదు. మీ 450 మాత్రం మోయలేదు. నాకు కోపం తెప్పించేది ఇదే. ఒకే అంకె రాసుకున్న రెండు డబ్బాలకు సామర్థ్యంలో రెట్టింపు తేడా ఉంటే, ఆ అంకెను అంత పెద్దగా అచ్చు వేసి కొనేవాళ్ల కళ్లుగప్పడం ఎందుకు? క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ మోసం మరీ ఎక్కువ. కొనేవాళ్ల తప్పూ ఉంది. కార్డు కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్ కంప్యూటర్ షాపుల దాకా వెళ్లి పది షాపులు తిరుగుతారు. దాన్ని నడిపించే పెట్టె ఏ రకమో ఒక్క షాపులోనూ అడగరు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మంచి ఎస్‌ఎంపీఎస్‌ల సామర్థ్యాన్ని 40 లేదా 50 డిగ్రీల వేడిలో కొలుస్తారు. చవక రకాల్లో లెక్క 25 డిగ్రీలకు, చాలావాటి మీద అదీ రాయరు. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, రేకుల కప్పు కింద నడిచే స్టూడియోలో క్యాబినెట్ లోపలి వేడి ఎంతుంటుందో ఊహించండి.

మీరు పంపిన రెండో ఫొటో చూసి ఆందోళన కలిగింది. ఎస్‌ఎంపీఎస్‌కు గ్రాఫిక్స్ కార్డు పిన్ను లేకపోవడంతో, హార్డ్ డిస్కుకు వెళ్లే సాటా పవర్ తీగకు కన్వర్టర్ తగిలించి 8 పిన్నులు చేశారు. కార్డుకు, దాన్ని గుచ్చే బోర్డు స్లాటు నుంచి వచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్నుల తీగ మరో 75, 8 పిన్నుల తీగ 150 ఇవ్వాలి. సాటా పవర్ పిన్ను 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే. దాని మెడ మీద 150 వాట్ల బరువు పెడితే ప్లాస్టిక్ కరుగుతుంది, ఆ పక్కనే మీ పెళ్లి వీడియోలున్న డిస్కు ఉంటుంది. ఆ కన్వర్టర్‌ను ఈ రోజే తీసేయండి. 8 పిన్నుల తీగ సొంతంగా లేని ఎస్‌ఎంపీఎస్, ఆ స్థాయి కార్డు కోసం తయారైనది కాదని అర్థం.

కొత్తది కొనేలోపు అనుమానం తీర్చుకోవాలంటే, కన్వర్టర్‌తో మళ్లీ ప్రయోగం చేయవద్దు. సరైన తీగ ఉన్న ఎస్‌ఎంపీఎస్ గలవాళ్లు మాత్రం కార్డు సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి ఎక్స్‌పోర్ట్ పెట్టి చూడవచ్చు. అప్పుడు ఆగకుండా పూర్తయితే లోపం కరెంటు దగ్గరే అని దాదాపు తేలినట్టే. విండోస్ తన లోపాలను నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నల్ పవర్ 41’ను రుజువుగా పట్టుకోకండి. కంప్యూటర్ పద్ధతిగా మూతపడలేదని చెప్పడమే దాని పని. ఇంట్లో కరెంటు పోయినా అదే నమోదవుతుంది.

కొత్తగా తీసుకునేటప్పుడు 12 వోల్టుల లైను మీదే 500 వాట్లకు పైగా ఇచ్చేది చూడండి. 80 ప్లస్ గుర్తు ఉంటే మంచిదే. కానీ అది గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వృథా అవుతుందో చెప్పే గుర్తు, నాణ్యతకు పూర్తి హామీగా తీసుకోవద్దు. మీ 600 వీఏ యూపీఎస్ కూడా సాధారణంగా 360 వాట్లకు మించి ఇవ్వలేదు. కొత్త కార్డుతో ఎక్స్‌పోర్ట్ జరుగుతుండగా కరెంటు పోతే అదీ చేతులెత్తేస్తుంది.

ప్రశ్న: జడ్చర్లలో సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ కొన్నాను. ఎస్‌ఎంపీఎస్ 240 వాట్లది. దాన్ని మార్చి పెద్ద కార్డు వేసుకోవచ్చా?

జవాబు: చాలావరకు కుదరదు. ఈ ఆఫీసు డబ్బాల్లో ఎస్‌ఎంపీఎస్ ఆకారం వేరు, బోర్డుకు వెళ్లే పిన్నుల తీరూ వేరు. మార్కెట్‌లో దొరికే మామూలు (ఏటీఎక్స్) ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు, పట్టినా పిన్ను కలవదు. ఏళ్ల తరబడి పనిచేసే గట్టి యంత్రాన్ని తయారు చేసి, ఒక మామూలు విడిభాగం కూడా బయట దొరక్కుండా చేయడం నా దృష్టిలో కొనుగోలుదారుకు చేసే అన్యాయం. అదనపు పవర్ పిన్ను అవసరం లేని, 75 వాట్ల లోపు, పొట్టి సైజు కార్డు వెతకండి. క్యాబినెట్ ఎత్తు కొలిచి మరీ కొనండి.

ప్రశ్న: దేవరకొండ దగ్గర మాది పల్లె. మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ వేయించిన దగ్గర నుంచి క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. చెప్పులు వేసుకుంటే ఏమీ ఉండదు. ఎస్‌ఎంపీఎస్ వాపసు ఇవ్వాలా?

జవాబు: వాపసు వద్దు, ముందు మీ గోడ ప్లగ్గు చూపించండి. ఈ ఫిర్యాదును చెప్పులతో సరిపెట్టుకునేవాళ్లు ఎంతమందో! ఇవాళ నేను రాస్తున్న వాటన్నిటిలో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజుకూ క్యాబినెట్ లోహానికీ మధ్య, రెండోది న్యూట్రల్‌కూ లోహానికీ మధ్య. విద్యుత్ రొదను ఎర్తులోకి దించడం వాటి పని. ఎర్తు లేకపోతే ఆ లోహం 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. ప్రవాహం చాలా స్వల్పం కాబట్టి మీకు జివ్వుమని మాత్రమే అనిపిస్తోంది. చవక రకాల్లో ఆ కెపాసిటర్లను ఒక్కోసారి ఎగ్గొడతారు. అందుకే పాతదానితో మీకు తెలియలేదు. కొత్తది మీ ఇంట్లో ఎర్తు లేదన్న నిజాన్ని బయటపెట్టింది.

రేపు లోపలి ఫేజు తీగ తొడుగు చిట్లి లోహానికి తగిలితే, పూర్తి 230 వోల్టులు క్యాబినెట్ మీదికి వస్తాయి. ఎర్తులోకి వెళ్లడానికి దారి లేదు కాబట్టి ఎంసీబీ (బోర్డులో దానంతటదే పడే స్విచ్చు) పడదు. దారి మీ చెయ్యి, లేదా పక్కన ఆడుకుంటున్న పాప చెయ్యి అవుతుంది. అంత దూరం పోకముందే హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపినప్పుడు పోర్టులు కాలిపోవడం ఉండనే ఉంటుంది.

మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి ఉంటే తీసి పారేయండి. తర్వాత ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు గుంత చూపించండి. మన వైపు నేలలో కాస్త తవ్వితే రాయి తగులుతుంది, తేమ నిలవదు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంతలో ఎండాకాలం నీళ్లు పోయకపోతే ఎర్తు పేరుకే ఉంటుంది. ఎర్తు గుంత తవ్వడం ఎందుకని, ప్లగ్గు లోపలే న్యూట్రల్‌నూ ఎర్తునూ చిన్న తీగ ముక్కతో కలిపేసి ‘ఇక షాక్ కొట్టదు’ అని వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. దానికి ససేమిరా ఒప్పుకోకండి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజు, లేదా ఫేజు, న్యూట్రల్ తారుమారైన రోజు ఇంట్లో ఆ ప్లగ్గుకు కలిపిన ప్రతి లోహపు వస్తువూ కరెంటు తీగ అవుతుంది. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. ఒంట్లోంచి నేలలోకి కరెంటు పారినా క్షణంలో తెంచేసే స్విచ్చు అది.

ప్రశ్న: వనపర్తి నుంచి. పాత మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడదీసే రకం) ఎస్‌ఎంపీఎస్ స్థానంలో కొత్త మాడ్యులర్ తెచ్చాను. లోపల పాత కేబుళ్లు చక్కగా కట్టి ఉన్నాయి. వాటినే కొత్తదానికి గుచ్చవచ్చా? ప్లగ్గులు సరిగ్గా పడుతున్నాయి.

జవాబు: గుచ్చకండి. డిస్కు వైపు, కార్డు వైపు ఉండే పిన్నులకు ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుసకు ఏ ప్రమాణమూ లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా మారవచ్చు. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వోల్టులు వెళితే డిస్కులు ఆ క్షణంలోనే పోతాయి. ఆకారం సరిపోయేలా చేసి, లోపలి వరుస వేరుగా పెట్టిన ఈ పద్ధతి ఇన్నేళ్లుగా ఎలా కొనసాగుతోందో నాకు అర్థం కాదు. పాత కేబుళ్లన్నీ విప్పి పాత ఎస్‌ఎంపీఎస్‌కే కట్టి ఉంచండి. కొత్తదాన్ని దాని సొంత కేబుళ్లతో బిగించి, మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ముఖ్యమైన ఫైళ్లున్న డిస్కును కలపకండి. బయాస్ తెరలో (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగుల తెర) 12 వోల్టుల అంకె 11.4కూ 12.6కూ మధ్య కనిపిస్తే, ఆఫ్ చేసి, ప్లగ్గు పీకి, ఆ తర్వాత డిస్కు కలపండి.