బెంగళూరులో గేమ్ డిజైనర్‌గా మొదలుపెట్టాలంటే: కోర్సు కన్నా ముందు ఒక చిన్న గేమ్

బీటెక్ అయింది, మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను, లక్షన్నర పెట్టి గేమ్ డిజైన్ కోర్సులో చేరమంటారా అని అడిగారు. ఇప్పుడే కట్టకండి. ముందు ఒక చిన్న గేమ్ పూర్తి చేయండి. ఈ పని మీకు పడుతుందో లేదో, కోర్సులో చేరితే ఏం నేర్చుకోవాలో అప్పుడే తేలుతుంది.

ప్లేయర్ ఏం చేయగలడు, చేస్తే ఏం దక్కుతుంది, ఓడితే ఎంత పోతుంది - ఈ నియమాలూ అంకెలే డిజైనర్ పని. బొమ్మలు గీసేవాళ్లు, కోడ్ రాసేవాళ్లు వేరే ఉంటారు. రాక్‌స్టార్, జింగా లాంటి పెద్ద స్టూడియోలు బెంగళూరులో ఉన్నాయి గానీ, కొత్తవాళ్లకు దొరికే డిజైన్ పనిలో మొబైల్ గేముల వాటా పెద్దది. అక్కడ ఎక్సెల్ రాకపోతే అడుగు ముందుకు పడదు.

ఒక లెక్క చూడండి. మొదటి అప్‌గ్రేడ్‌కు 100 కాయిన్లు, ఆ తర్వాత ప్రతి లెవెల్‌కూ ధర ఒకటిన్నర రెట్లు. 3 నిమిషాల మ్యాచ్‌కు 60 కాయిన్లు వస్తాయి. 10వ లెవెల్ ధర 3,844, అంటే 65 మ్యాచ్‌లు, ఫర్వాలేదు అనిపిస్తుంది. 20వ లెవెల్ ధర 2.2 లక్షలు దాటుతుంది. ఆ ఒక్క అప్‌గ్రేడ్ కోసం సుమారు 185 గంటలు ఆడాలి. ఎవరూ ఆడరు. మ్యాచ్ బహుమతిని కూడా లెవెల్‌కు 1.3 రెట్లు పెంచుతూ పోతే అదే 20వ లెవెల్‌కు 26 మ్యాచ్‌లు చాలు, గంటంపావు పని. ఇలాంటి షీట్ సొంతంగా కట్టి, ఆ అంకెలు ఎందుకు పెట్టారో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం దారి దాటినట్టే.

గేమ్ తయారుచేయడానికి గోడో అనే సాఫ్ట్‌వేర్ (గేమ్ ఇంజిన్) చాలు, పూర్తిగా ఉచితం. ఉద్యోగ ప్రకటనల్లో యూనిటీ, అన్‌రియల్ అనే వేరే ఇంజిన్ల పేర్లు ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి యూనిటీతో మొదలుపెట్టినా మంచిదే. ఒకే మెకానిక్ (దూకడం లాంటి ఒక ప్రధాన చర్య), మూడు లెవెల్స్, మొత్తం ఐదు నిమిషాల ఆట. బొమ్మలు వద్దు, రంగు చతురస్రాలతోనే చేయండి. దూకే గేమ్ అయితే, అంచు దాటిన 0.1 సెకను లోపు బటన్ నొక్కినా దూకనివ్వండి. అది లేకపోతే 'నేను నొక్కాను, గేమే వినలేదు' అని ప్లేయర్ విసుక్కుంటాడు. ఇంకో తప్పు చాలామంది గేముల్లో కనిపిస్తుంది: కదలికను ఫ్రేముల లెక్కన రాసేస్తారు, డెల్టా టైమ్‌తో (గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో) గుణించరు. సెకనుకు 60 ఫ్రేములొచ్చే లాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది, 30 వచ్చే చవక ఫోన్‌లో వేగం సగానికి పడిపోతుంది.

తెలుగు పదాల ఆట చేద్దామనుకుంటే చాలా సంతోషం, కానీ అందులో చిక్కులున్నాయి. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్‌లో ఆరు ముక్కలు. ఆ ముక్కల లెక్కన అక్షరాలను తారుమారు చేస్తే వత్తులు, గుణింతాలు విడిపోయి చెత్త కనిపిస్తుంది. యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోలో మామూలుగా తెలుగు వత్తులు సరిగ్గా పడవు; గోడో 4లో పడతాయి.

తర్వాత పరీక్ష. పీజీలో ఐదుగురికి ఫోన్ ఇచ్చి, స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, మీరు నోరు మెదపకండి. ఒక్కసారి సాయం చేసినా ఆ పరీక్ష పాడైనట్టే, ఎందుకంటే రేపు ఆడేవాళ్ల పక్కన మీరు ఉండరు. ఎక్కడ ఆగారు, ఏది తప్పుగా నొక్కారు రాసుకోండి. ఇద్దరు ఒకేచోట ఆగితే అది గేమ్ లోపమే అనుకుని మార్చండి, మళ్లీ కొత్తవాళ్లతో ఆడించండి.

గేమ్‌ను ఇచ్.ఐవో (itch.io) అనే గేముల వెబ్‌సైట్‌లో బ్రౌజర్‌లో ఆడేలా పెట్టండి. ప్లే స్టోర్‌కు 25 డాలర్లు కట్టాలి, పైగా కొత్త వ్యక్తిగత ఖాతా అయితే 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు మీ గేమ్ టెస్టింగ్‌లో చేరి ఉండాలి. తొలి గేమ్‌కు అంత అవసరం లేదు. పోర్ట్‌ఫోలియోలో పైన నిమిషం వీడియో, కింద ఆడే లింకు, ఆ షీట్, పరీక్షల తర్వాత ఏది ఎందుకు మార్చారో నాలుగు పేరాలు. నలభై పేజీల డిజైన్ డాక్యుమెంట్ పంపకండి. దరఖాస్తులు చూసేవాళ్లం ముందు నొక్కేది లింకునే.

కోర్సు విషయానికొస్తే, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) బెంగళూరు క్యాంపస్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్ (డిజైన్ పీజీ డిగ్రీ) ఉంది, ప్రవేశం డాట్ (DAT) అనే ప్రవేశ పరీక్షతో. ప్రైవేటు సంస్థ అయితే ఫీజు మాట ఎత్తకముందే పాత విద్యార్థుల గేముల లింకులు అడగండి. వీడియోలు, పోస్టర్లు తప్ప ఆడే లింకు ఒక్కటీ ఇవ్వలేకపోతే వదిలేయండి. జట్టు కావాలంటే ఏటా జనవరి చివర జరిగే గ్లోబల్ గేమ్ జామ్‌లో (కొద్ది రోజుల్లో జట్టుగా ఒక గేమ్ చేసే కార్యక్రమంలో) చేరండి, ఆర్టిస్టూ ప్రోగ్రామరూ అక్కడే దొరుకుతారు.

ఇంకో జాగ్రత్త. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను నిషేధించింది. పోర్ట్‌ఫోలియోను రమ్మీ, ఫాంటసీ గేముల మీద కట్టకండి. డిజైన్ ఉద్యోగం వెంటనే రాకపోతే క్యూఏ టెస్టర్‌గా (గేమ్‌లో తప్పులు వెతికే పనిలో) చేరడం తప్పు కాదు, కానీ ఆ టీమ్ డిజైనర్ల పక్కన కూర్చుంటుందా, బయటి ఏజెన్సీ తరఫున పనిచేస్తుందా అని చేరేముందే అడగండి. రెండోదైతే అక్కడి నుంచి డిజైన్‌లోకి మారడం కష్టం.