థాంక్స్‌గివింగ్ నాటికి నీకు ఎవరున్నారు?

బాబూ, అమెరికాలో బీఎస్‌లో చేరిన నెలకే నీ హాస్టలు అంతస్తులో సగం మంది, మగ విద్యార్థుల సంఘాలైన ఫ్రెటర్నిటీల వెంట తిరుగుతున్నారనీ, చేరకపోతే నాలుగేళ్లూ ఒంటరిగా మిగిలిపోతావేమోనని భయంగా ఉందనీ రాశావు. ఆ భయం నాకు తెలియనిది కాదు. నువ్వు చేయబోతున్న పొరపాట్లన్నీ 1998లోనే నేను చేసి పెట్టాను కనుక, కాస్త ఓపికగా చదువు.

ఆ ఆగస్టులో మిడ్‌వెస్ట్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో దిగి, గ్రీకు అక్షరాలు తగిలించిన పెద్ద పెద్ద ఇళ్లను చూసి, అక్కడ గ్రీకు భాష నేర్పుతారేమో అనుకున్నాను. అవి ఫ్రెటర్నిటీల ఇళ్లనీ, ఆ అక్షరాలు 1776లో విలియం అండ్ మేరీ కళాశాలలో పుట్టిన ఫై బీటా కప్పా అనే విద్యార్థి సంఘం నుంచి వచ్చిన పేర్ల ఆచారమే తప్ప మరేమీ కాదనీ తెలిసేసరికి రష్ వారం వచ్చేసింది. రష్ అంటే ఫ్రెటర్నిటీలు కొత్త సభ్యులను ఎంచుకునే వేళ, మన పెళ్లిచూపుల వంటిది. నచ్చితే వాళ్లు చేరమని పిలుస్తారు, ఆ పిలుపునే బిడ్ అంటారు. నేను దాన్ని ఉద్యోగపు ఇంటర్వ్యూ అనుకుని, ఆబిడ్స్‌లో కుట్టించుకున్న కోటు తొడుక్కుని, ఇంటర్ మార్కుల మెమోనూ వ్యాసరచన పోటీ ప్రశంసాపత్రాలనూ ప్లాస్టిక్ ఫోల్డరులో పెట్టుకుని వెళ్లాను. నిక్కర్లతో, రబ్బరు చెప్పులతో వరండాలో నిలబడ్డ కుర్రాళ్లు సరదాకి ఏం చేస్తుంటావని అడిగితే, లెక్కల్లో 150కి 148 వచ్చాయని చెప్పాను. మర్యాదగానే నవ్వారు. బిడ్ మాత్రం రాలేదు.

ఆ చిన్నతనంతో ఇక తెలుగువాళ్లే దిక్కనుకుని, సాయంత్రాలన్నీ ఎంఎస్ చదివే అన్నయ్యల అపార్ట్‌మెంటులో గడపసాగాను. పప్పుచారుకూ కబుర్లకూ లోటు లేదు కనుక నాకు స్నేహితులున్నారనే భ్రమ కలిగింది. నవంబరులో, అమెరికావాళ్లు ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే థాంక్స్‌గివింగ్ పండుగ సెలవులకు వాళ్లు చికాగోలోని చుట్టాలింటికి బయలుదేరారు. కారులో ఐదుగురే పడతారు, నేను ఆరోవాణ్ణి. మా హాస్టలు తెరిచే ఉంది కాని మెస్సు మూసేశారు, ఫోను కార్డులో నిమిషాలు అయిపోయాయి. బుధవారం సాయంత్రం నుంచి బ్రెడ్డూ పెరుగూ తిని కాలక్షేపం చేసి, ఆదివారం రాత్రి బస్సెక్కి డ్రైవరుకు జవాబు చెప్పబోతే గొంతు పెగల్లేదు. నాలుగు రోజులుగా దాన్ని వాడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ల తరువాత కూడా, ఇల్లూ పిల్లలూ అన్నీ అమరిన తరువాత కూడా, ఆ బస్సు మెట్టు నాకు కలలోకి వస్తుంది.

జనవరిలో మెస్సులో అంట్లు తోమే పనికి కుదిరాను. మా ఇంట్లో నేను తిన్న కంచం ఎత్తినవాణ్ణి కాదు కనుక నాన్నగారికి ఈ సంగతి రెండేళ్లు రాయలేదు. అక్కడ బెల్టు మీద పళ్లేలు వస్తూనే ఉంటాయి. ఒకరు మిగులు దులపాలి, ఒకరు ట్రేలలో సర్దాలి, ఒకరు యంత్రంలోకి తోయాలి. ఆ ఆవిరిలో ఎవరూ నిన్ను సరదాకి ఏం చేస్తావని అడగరు. వారానికి మూడు రాత్రులు, అదే చోట, అదే ముగ్గురం. మార్చి వచ్చేసరికి ఒకరి పరీక్షల తేదీలు ఒకరికి నోటికొచ్చాయి. ఆ ఏడాది థాంక్స్‌గివింగ్‌కు వారిలో ఒకడు నన్ను అయోవాలోని తమ పొలానికి తీసుకువెళ్లాడు. నేను చేసి పట్టుకెళ్లిన పులిహోరను వాళ్లమ్మగారు ఆ పండుగకు వండే టర్కీ కోడి పక్కనే వడ్డించారు.

కనుక ఫ్రెటర్నిటీ తప్పని నేననను. దక్షిణాసియా విద్యార్థులు మొదలుపెట్టినవి కూడా ఉన్నాయి. 1996లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై అలా పుట్టినవే. ఏదైనా ఫ్రెటర్నిటీలో నలుగురు నిజంగా నచ్చి, చందాలు మీ నాన్నగారి మీద పడకుండా కట్టగలిగితే చేరు. ఒంటరితనానికి జడిసి మాత్రం చేరకు. అలా చేరినవాడు కొత్త సభ్యులను ఆటపట్టించే పేరుతో ఏం చేయమన్నా చేస్తాడు. అమెరికాలో 21 ఏళ్లు నిండకుండా మద్యం ముట్టుకుంటే వీసాకు చిక్కులు రావచ్చు. ఆ నిబంధనలూ, ప్రాంగణంలో వారానికి 20 గంటల పని పరిమితీ మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో కనుక్కో.

పరిచయాలు ఎన్ని అని లెక్కపెట్టుకోవద్దు. వారానికి కనీసం రెండుసార్లు, అదే వేళకు, అదే మనుషులతో చేతులు కలిపి చేసే పని ఏదైనా ఒకటి పట్టుకో: మెస్సు, గ్రంథాలయం, వాలీబాల్ జట్టు, రోబోట్లు తయారుచేసే క్లబ్బు, ఏదైనా సరే. మీ తరానికి ఫోనులో అమ్మ ముఖం కనిపిస్తుంది కనుక ఈ అవసరం ఆలస్యంగా తెలుస్తుంది, అంతే తేడా.

అక్టోబరు నెలాఖరుకల్లా, థాంక్స్‌గివింగ్‌కు ఎక్కడ ఉండబోతున్నావో నాకు ఒక ముక్క రాయి. ఎవరూ పిలవకపోతే మా ఇంటికి రా. టర్కీ వండము, గోంగూర పప్పు ఉంటుంది, అంట్లు నువ్వే తోమాలి.