రెండో పెళ్ళి, ముగ్గురు పిల్లలు: ప్లాటు కంటే ముందు టర్మ్ పాలసీ

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 43 ఏళ్ళు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ షాపు ఉంది. షాపు ఖర్చులు పోను నెలకు 95 వేల దాకా వస్తుంది. మొదటి భార్య అనారోగ్యంతో చనిపోయింది. ఆమెకు పుట్టిన పాపకు ఇప్పుడు 15 ఏళ్ళు. తర్వాత భర్త చనిపోయిన ఆవిడను పెళ్ళి చేసుకున్నాను. ఆవిడకు మొదటి భర్త వల్ల 9 ఏళ్ళ బాబు ఉన్నాడు. మా ఇద్దరికీ 3 ఏళ్ళ పాప. అమ్మ కూడా మాతోనే ఉంటుంది. పోరంకిలో నా పేరు మీద ఫ్లాట్ ఉంది, హోమ్ లోన్ ఇంకా 28 లక్షలు కట్టాలి. షాపు మీద ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) 8 లక్షలు. మొదటి భార్యకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన ఎకరం పొలం తెనాలి దగ్గర ఉంది, పాస్‌బుక్ నా పేరుకు మారింది. పెద్ద పాపకు పొలం, చిన్న పాపకు ఫ్లాట్ అనుకున్నాను. బాబుకు ఏమీ లేదని నున్న వైపు ఒక ప్లాటు చూసి, వాడి పేరు మీద కొందామని లక్ష అడ్వాన్సు ఇచ్చాను. మిగతా 15 లక్షలు తెలిసినవాళ్ళు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తామన్నారు. ఎండోమెంట్ పాలసీలు (పొదుపు, బీమా కలిసినవి) మూడున్నాయి, మొత్తం 9 లక్షలకు. వాటిలో నామినీగా ఇంకా మొదటి భార్య పేరే ఉంది. బీపీకి మాత్రలు వాడుతున్నాను. ఇలా చేస్తే ముగ్గురికీ న్యాయం చేసినట్టేనా?

జవాబు: కాదండీ. బాబు మీద మీకున్న ప్రేమ ఉత్తరంలో కనిపిస్తోంది. పుట్టింటి పొలం పెద్ద పాపకే చెందాలన్న ఆలోచనా మంచిదే. కానీ పిల్లలున్నవాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకున్నప్పుడు చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు. ఏ బిడ్డకు ఏ ఆస్తి అని పంచుకుంటూ పోయారు గానీ, మీరు లేకపోతే మర్నాటి నుంచి ఆ ఇంట్లోకి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆలోచించలేదు. ఇంత పెద్ద ఉత్తరంలో బీమా గురించి రాసింది చివర్లో ఒకటి రెండు ముక్కలే. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

మాట కటువుగానే ఉంటుంది. వీలునామా లేకుండా రేపు మీకేదైనా జరిగిందనుకోండి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఫ్లాట్‌కు నలుగురు వారసులు: మీ భార్య, ఇద్దరు ఆడపిల్లలు, మీ అమ్మగారు. తలా పావు వంతు. తల్లికి వాటా ఉంటుందని చాలామందికి తెలియదు. అమ్మగారు కూడా వీలునామా రాయకుండా పోతే, ఆ పావు వంతులోకి మీ తోబుట్టువులు కూడా వస్తారు. బాబుకు మాత్రం పైసా రాదు. ఆదాయపు పన్ను చట్టం సవతి బిడ్డను బిడ్డగానే లెక్కిస్తుంది, వారసత్వ చట్టం లెక్కించదు. స్కూల్లో తండ్రి పేరు దగ్గర మీ పేరే రాయించినా అంతే.

ఇప్పుడు ఈఎంఐ కట్టలేక మీ భార్య ఆ ఫ్లాట్ అమ్మేద్దామనుకున్నారనుకుందాం. చిన్న పాప వాటా అమ్మాలంటే కన్నతల్లికైనా కోర్టు అనుమతి కావాలి. పెద్ద పాప విషయంలో ఆవిడకు ఆ హోదా కూడా లేదు. మైనరు పిల్లల సంరక్షణకు సంబంధించిన 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సవతి తల్లిని, సవతి తండ్రిని సహజ సంరక్షకులుగా ఒప్పుకోదు. అంటే పెద్ద పాప తరఫున సంతకం పెట్టే మనిషిని కూడా కోర్టే తేల్చాలి. ఆలోగా బ్యాంకు ఆగదు, ఓడీ ఆగదు, ఫీజులు ఆగవు. పాప మేనమామ ఒక మాటంటాడు, మీ అన్నదమ్ములు ఇంకో మాటంటారు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న పిల్లలు రెండు పక్షాలవుతారు. ఇలాంటి ఇళ్ళలో గొడవలు మొదలయ్యేది దురాశతో కాదు. చేతిలో డబ్బు లేకపోవడంతో.

పొలం సంగతి కూడా చెప్పాలి. పాస్‌బుక్ మీ పేరుకు మారినంత మాత్రాన పొలమంతా మీదైపోలేదు. మీ మొదటి భార్య వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే సగం మీది, సగం పాపది. పాప సగాన్ని తండ్రిగా మీరు కూడా కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. మీ సగాన్ని ఇలాగే వదిలేస్తే రేపు అది కూడా నాలుగు వాటాలవుతుంది. మీ మొదటి అత్తమామలు కూతురికిచ్చిన పసుపు కుంకుమలో కొంత భాగం వాళ్ళకు సంబంధం లేని చేతుల్లోకి పోతుంది. వాళ్ళ భయం అదే, అందులో న్యాయం ఉంది. మీ సగాన్ని ఇప్పుడే పాప పేరు మీద దాన సెటిల్‌మెంట్ చేసేయండి. రిజిస్ట్రేషన్ ఖర్చుకు వెనకాడితే, కనీసం వీలునామాలో సర్వే నంబరుతో సహా రాయండి.

ఇక ఆ అప్పు. ఈ మాట మీకు నచ్చకపోవచ్చు గానీ, ఆ 15 లక్షలు ముట్టుకోవద్దు. నూటికి రెండు రూపాయలంటే నెలకు 30 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు. వచ్చే 95 వేల నుంచి హోమ్ లోన్ కంతు, ఓడీ వడ్డీ తీసేసి, మీ ఆరుగురి ఖర్చు తీసేసి చూడండి, ఆ 30 వేలు ఎక్కణ్ణుంచి తెస్తారు? రెండు నెలలు బేరాలు తగ్గితే వడ్డీ నిలిచిపోతుంది. నిలిచిన వడ్డీని అసలులో కలిపి ప్రామిసరీ నోటు తిరగరాయిస్తారు. ఏటా అలా తిరగరాస్తే మూడేళ్ళకు 15 లక్షలు 28 లక్షల 60 వేలవుతుంది. దాదాపు మీ హోమ్ లోన్ బాకీ అంత! తెలిసినవాళ్ళంటున్నారు. నోటు మీద సంతకంతో పాటు ఖాళీ చెక్కులు అడిగారా లేదా? 2015 డిసెంబరులో ఇదే విజయవాడలో కాల్‌మనీ (అధిక వడ్డీ అప్పుల) వ్యవహారం బయటపడినప్పుడు ఎన్ని ఇళ్ళ గుట్టు రోడ్డున పడిందో మీకు నేను గుర్తు చేయాలా?

అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మీరు పోతే ఆ అప్పు ఎవరి మీద పడుతుంది? వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకు మీ అప్పులు తీర్చాలి. బాబు మీ వారసుడు కాదు. ప్లాటు ముందే వాడి పేరు మీద ఉంటుంది. కాబట్టి అప్పిచ్చినవాడు చూసేది పోరంకి ఫ్లాట్ వైపే. అంటే బాబు ప్లాటు కోసం చేసిన అప్పును ఇద్దరు ఆడపిల్లలు తమ వాటాలోంచి కట్టాలి. పెద్ద పాపకు ఇరవై ఏళ్ళొచ్చాక ఈ సంగతి తెలిస్తే ఆ తమ్ముణ్ణి ఏ కళ్ళతో చూస్తుంది? వాడికి మేలు చేయబోయి, ఏ తప్పూ చేయని పిల్లవాణ్ణి అక్క ముందు దోషిగా నిలబెట్టినవాళ్ళవుతారు. పోనీ అవసరానికి ఆ ప్లాటు అమ్ముదామన్నా కుదరదు, మైనరు పేరు మీదున్న స్థలం కాబట్టి దానికీ కోర్టు అనుమతే కావాలి.

మీ ముగ్గురు పిల్లలకూ న్యాయం జరగాలంటే మొదటి అడుగు టర్మ్ పాలసీ, అంటే పొదుపు కలవకుండా, గడువులోగా మీరు పోతే మీవాళ్ళకు పెద్ద మొత్తం ఇచ్చే బీమా. మీ మీద 36 లక్షల బాకీ ఉంది. ముగ్గురు పిల్లలు, భార్య, తల్లి మీ సంపాదన మీదే ఉన్నారు. వీళ్ళందరికీ కలిపి 9 లక్షల బీమా ఉందంటే లేనట్టే లెక్క. నేనైతే 2 కోట్లు చెబుతాను, అదీ ఒకే పాలసీగా వద్దు, మూడుగా తీసుకోండి. 60 లక్షలది పెద్ద పాప ఒక్కదాని కోసం. కోటి రూపాయలది మీ భార్య, చిన్న పాప కోసం. 40 లక్షలది బాకీల కోసం.

మొదటి రెండిటినీ 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోండి. ప్రపోజల్ ఫారంతో పాటే దానికి విడిగా ఒక పత్రం నింపాలి, పాలసీ వచ్చాక చేర్చుదామంటే కుదరదు. అలా తీసుకున్న పాలసీ సొమ్ము మీ ఆస్తిలో కలవదు. అప్పులవాళ్ళు దాని జోలికి రాలేరు, వాళ్ళను ఎగ్గొట్టడానికే ప్రీమియం కట్టారని రుజువు చేస్తే తప్ప. మిగతా వారసులూ వాటా అడగలేరు. పెద్ద పాప పాలసీకి ట్రస్టీగా మేనమామను పెట్టండి. మీ భార్య మీద నమ్మకం లేక కాదు, రేపు ఆవిడను ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండటానికి. ఒకసారి రాసిన లబ్ధిదారుల పేర్లు తర్వాత మార్చలేరు, అది ఆలోచించుకుని రాయండి. ఈ చట్టంలో భార్యకు, సొంత పిల్లలకే చోటుంది, సవతి కొడుకు పేరు రాయలేరు. అందుకే భార్య పాలసీని కోటి అన్నాను. బాబు పెంపకం, చదువు ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి కాబట్టి. మూడోది మామూలు పాలసీయే, నామినీగా భార్యను పెట్టి, ఆ సొమ్ముతో ముందు బ్యాంకు బాకీలు తీర్చాలని వీలునామాలో రాయండి.

ప్రీమియం భారమంటారేమో. బీపీ ఉంది కాబట్టి కంపెనీ కొంత పెంచవచ్చు. పెంచినా ఈ మూడింటి ఏడాది ప్రీమియం మీరు తలకెత్తుకోబోయిన అప్పుకు మూడు నాలుగు నెలల వడ్డీని దాటదని నా అంచనా. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. పాత ఎండోమెంట్ పాలసీల్లో చనిపోయిన మనిషి నామినీగా ఉన్నారంటే, క్లెయిమ్ వచ్చిన రోజు మీవాళ్ళు వారసుల సర్టిఫికెట్ల కోసం తిరగాలి. ఈ వారమే మార్పించండి. వాటిని కొనసాగించాలా ఆపాలా అన్నది టర్మ్ పాలసీ చేతికొచ్చాక చూద్దాం.

మీ భార్య పేరు మీదా ఒక టర్మ్ పాలసీ ఉండాలి. సొంత సంపాదన లేకపోతే ఎంత వరకు ఇస్తారో కంపెనీని అడగండి. నామినీగా బాబును పెడితే, వాడు మైనరు కాబట్టి అపాయింటీగా (వాడి తరఫున సొమ్ము తీసుకునే మనిషిగా) ఎవరుండాలో ఆవిడే నిర్ణయించుకోనివ్వండి. ఇంకో మాట. బాబుకు తన సొంత తండ్రి ఆస్తిలో వాటా ఉంది. ఆవిడకూ ఉంది, మళ్ళీ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన అప్పటికే వచ్చిన వాటా పోదు. మొహమాటానికి పోయి దాన్ని వదిలేసుకుంటున్న ఆడవాళ్ళు ఎందరో. ఆ వైపు ఏముందో కనుక్కోకుండానే మీరు అప్పు చేసి ప్లాటు కొనబోయారు.

వీలునామా తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ మీలాంటి ఇంట్లో చేయించడమే మేలు. సాక్షులు ఇద్దరుండాలి, మీకంటే చిన్నవాళ్ళు, అందులో వాటా లేనివాళ్ళు అయితే మంచిది. "నా పిల్లలకు సమానంగా" అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి, ఆ మాటలోకి బాబు రాడని రేపు ఎవరో ఒకరు వాదిస్తారు. ముగ్గురి పేర్లూ, ఎవరికి ఎంతో విడివిడిగా రాయండి. ఫ్లాట్‌లో భార్యకు, అమ్మకు బతికున్నంతకాలం ఉండే హక్కు ఇచ్చి, ఆ తర్వాత పిల్లలకు చెందేలా రాయవచ్చు. దాని మాటల పొందిక లాయరుకు వదిలేయండి. పెద్ద పాపకు సంరక్షకులుగా ఎవరుండాలో కూడా అందులోనే రాయండి. మొదటి భార్య ఉన్న రోజుల్లో ఏదైనా వీలునామా రాసి ఉంటే, హిందువులకు అది రెండో పెళ్ళితో దానంతటదే రద్దు కాదు, కొత్తదానిలో స్పష్టంగా రద్దు చేయాలి. క్రైస్తవులకు దీనికి పూర్తిగా భిన్నం: పెళ్ళి జరగగానే పాత వీలునామా చెల్లదు. ముస్లింలు మామూలుగా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు. పైన చెప్పిన వాటాల లెక్కలు కూడా హిందువులకే.

బాబును చట్టపరంగా దత్తత తీసుకునే దారి కూడా మీకుంది. మీకు కొడుకు లేడు, వాడికి 15 ఏళ్ళు నిండలేదు, తండ్రి లేడు కాబట్టి తల్లి దత్తత ఇవ్వవచ్చు. అప్పుడు వాడు మీ ఆడపిల్లలతో సమాన వారసుడు. తండ్రి నుంచి అప్పటికే సంక్రమించిన ఆస్తి వాడిదిగానే ఉంటుంది. కానీ ఆ ఇంటితో చట్టపరమైన బంధం తెగుతుంది, కాబట్టి వాడి నాయనమ్మ, తాతయ్యలతో మాట్లాడకుండా చేయకండి.

ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఎఫ్‌డీలో, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా ఉండాలి. బాబు చదువుకు నెలనెలా సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పొదుపు) వేయవచ్చు. ఇవన్నీ టర్మ్ పాలసీ తర్వాతే.

వాయిదా వేయకుండా వైద్య పరీక్షలకు వెళ్ళండి. ప్రపోజల్ ఫారంలో బీపీ ఎప్పటి నుంచి ఉందో, ఏ మాత్ర వాడుతున్నారో ఉన్నదున్నట్టు రాయండి. ఏజెంటు "అక్కర్లేదు సార్" అన్నా వినకండి. మొదటి మూడేళ్ళలో క్లెయిమ్ వస్తే కంపెనీ ముందుగా తిరగేసేది ఆ పేజీనే. ప్లాటు ఓనరుతో మాట్లాడి అడ్వాన్సు వెనక్కి అడగండి. సగమిస్తానన్నా తీసుకోండి. అసలు ఇవ్వనంటే ఆ లక్ష వదులుకోండి గానీ, దానికోసం 15 లక్షల నోటు మీద సంతకం పెట్టకండి.